పువ్వు తిప్పి చూసే సారు

రంగనాథ్ సారు చేతికి పువ్వు దొరికితే వాసన చూడరు, తలకిందులు చేస్తారు. తొడిమ దగ్గర గోటితో నిలువుగా చీల్చి, చొక్కా జేబులోంచి భూతద్దం తీసి, ఎడమ కన్ను మూసి చూస్తారు. చూసి “కిందుంది” అంటారు. కాదంటే “పైనుంది” అంటారు. ఆ రెండు మాటల్లో ఒకటి ఆయన నోటి నుంచి ఊడిపడేదాకా ఆ పువ్వుకు లోకంలో పేరు లేనట్టే.

కిందో పైనో ఉండేది అండాశయం. అంటే గింజల సంచి. అది పూరేకుల పైన కూర్చుంటే ఆ మొక్కది ఒక కుటుంబం, రేకుల కింద దాక్కుంటే ఇంకో కుటుంబం. గడ్డ నుంచి మొలిచి తెల్లగా పూసే మొక్కలన్నీ ఆకుల్లో అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఎవరు ఏ ఇంటి పిల్లో తేల్చాలంటే ఆ సంచి ఒక్కటే సాక్షి, మిగతావన్నీ దొంగ సాక్ష్యాలే అని సారు సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం వల్ల ఆయన పెళ్లి ఆగిపోయినంత పనైంది. పెళ్లికూతురు శివలీల దండ వేయడానికి చేతులెత్తితే పెళ్లికొడుకు తల వంచలేదు. ఆమె చేతుల్లోని దండలోంచి ఒక తెల్ల పువ్వు లాగి, తిప్పి, చీల్చాడు. ఆడపిల్ల తరఫు పెద్దమనిషి ఒకాయన “ఏమప్పా, పిల్లోనికి తిక్కగాన ఉండాదా?” అని లేచి నిలబడ్డాడు.

“తిక్క లేదు, కిందుంది” అన్నాడు పెళ్లికొడుకు.

శివలీలమ్మ ఈ కథ ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. “ఆయప్ప నా మొగం సూసింది మూడోనాడు. అది గూడా దండలో పూలన్నీ అయిపోయినాయి గాబట్టి” అని ముగిస్తుంది.

కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో సారు వృక్షశాస్త్రం చెప్పేవారు. వార్షికోత్సవానికి ఎవరో పెద్ద మనిషి ముఖ్య అతిథిగా వచ్చాడు. మెడ నిండా దండలు. సారు వెనక నుంచి మెల్లగా చేయి పెట్టి ఒక పువ్వు లాగారు. ఆయన తన మీద జెర్రి పాకిందనుకుని రెండు చేతులూ పైకెత్తి కొయ్యబారి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫొటో పడింది. మర్నాడు ప్రిన్సిపాలు పిలిచి, “మీకు బుద్ధుందా రంగనాథ్?” అని అడిగితే, సారు నిజాయితీగా ఆలోచించి, “పైనుంది సార్” అన్నారట. ఆయన పువ్వు సంగతే చెప్పారు. బుద్ధి పైవాళ్లకే ఉందని తనను దెప్పుతున్నారనుకుని ప్రిన్సిపాలు కుర్చీలో కూలబడ్డాడు.

ఉద్యోగం అయిపోయాక కల్లూరులో ఇల్లు కట్టుకున్నారు. షేర్ ఆటోలు ఆగేచోట జీవమ్మ పూల గంప పెట్టుకుని కూర్చుంటుంది. “లిల్లీ పూలు, లిల్లీ!” అని ఆమె అరిస్తే చాలు, ఎక్కబోయిన ఆటో దిగి సారు వెనక్కి వస్తారు.

“జీవమ్మా, అది లిల్లీ కాదు. నేలసంపెంగ. లిల్లీకి సంచి పైనుంటుంది, దీనికి కింద.”

“యాడుంటే ఏం సారూ, గంపలో ఉంటే సాలు.”

“అట్ల కాదు. మొదట్లో దీన్ని లిల్లీ ఇంట్లో కట్టేసినారు. తర్వాత వేరే పండితులొచ్చి, కాదు కాదని ఇంకో ఇంటికి తోలినారు. ఆడి నుంచి చేని గట్ల మీది ముళ్ల కిత్తనార ఇంటికి. ఇప్పుడు కిత్తనారతో సహా పిల్లితేగల ఇంటికి. పాపం, దీని ఇంటిపేరు ఎన్నిసార్లు మారిందో తెలుసునా?”

“నాది గూడా రెండుసార్లు మారింది సారూ. ఎవురన్నా బాధపడినారా? మూర ఇమ్మంటావా, వద్దా?”

ఈలోగా ఆటోలో కూర్చున్నవాళ్లు డ్రైవర్నీ, డ్రైవరు సారునూ, సారు పాత పండితులనూ తిట్టుకుంటూ ఉండేవారు.

ఈ సారు దగ్గర చదివిన పిల్లల్లో ఎక్కువమందికి ఆయన పేరు చెబితే నవ్వొస్తుంది. ఇప్పుడు కాలేజీల్లో పువ్వు ఉండదు. పువ్వు మీద నాలుగు ఆప్షన్లుంటాయి. పువ్వు ముఖం చూడకుండానే డాక్టర్లు అయిపోయే రోజుల్లో, ఒక మనిషి గంటసేపు ఒకే పువ్వు పట్టుకుని నిలబడితే నవ్వక ఏం చేస్తారు? “సార్, ఆకు చూసి చెప్పేయొచ్చు కదా, సిలబస్ అయిపోలేదు” అని ఎవరైనా అంటే ఆయన దగ్గర ఒకటే జవాబు.

“ఆకు చూసి చెప్పేది మేక. మనిషైతే పువ్వు చూసి చెప్పాల.”

నవ్వని పిల్ల నాగజ్యోతి ఒక్కతే. అలా నవ్వనందుకే ఆమెకు ఇన్ని తిప్పలు వచ్చి పడ్డాయి.

నాగజ్యోతిని కోడుమూరు పక్కన ఒక పల్లెలో బసవరాజ్‌కు ఇచ్చారు. అది ఉల్లి తప్ప ఇంకోటి ఎరగని ఇల్లు. మామ పెద్ద ఈరన్న. ఉల్లిచేనులో ఆయన మాట ఊరంతటికీ శాసనం. గడ్డ చేత్తో పట్టుకుంటే అది ఎన్నాళ్లు నిలవ ఉంటుందో చెప్పేస్తాడు. ఆ ఇంట్లో కోడలి మాటకు విలువ లేదనలేం. అసలు కోడలు మాట్లాడాల్సిన అవసరమే ఎవరికీ తోచలేదు.

వరసగా ఉల్లి దెబ్బ తీసింది. అప్పుడు నాగజ్యోతి సారుకు ఫోను చేసింది.

“సార్, నేలసంపెంగ మా నేలలో వస్తుందా?”

“మీ చేని గట్టు మీద కిత్తనార ఉందా?”

“దండిగా ఉంది సార్.”

“అక్క బతికే నేలలో చెల్లెలు బతకదా?”

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇంట్లో యుద్ధం చేసింది. బసవరాజ్ మంచివాడు, ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల పక్షం. కాబట్టి ఆమె రోజూ ఆఖరున మాట్లాడింది. చివరికి పెద్ద ఈరన్న తలూపాడు.

“దిగువ మడి ఒక్కటి ఇస్తా. దసరా దాటేలోగా పువ్వు కనపడాల. కనపడలేదనుకో, దున్నిచ్చి ఉల్లి నాటిస్తా. ఆ మీదట ఈ ఇంట్లో సేద్యం మాట నువ్వు ఎత్తగూడదు. సరేనా పాపా?”

“సరే మామా” అంది నాగజ్యోతి. ఆ రోజు నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

తొలకరికి గడ్డలు నాటారు. ఆకులు వచ్చాయి. పచ్చగా, పొడుగ్గా, ఏపుగా వచ్చాయి. అంతే. శ్రావణం పోయింది, వినాయక చవితి పోయింది, ఆకుల మీద ఆకులే. ఇంటిపని ముగించి ఆమె మడిలోకి వెళ్లేసరికి పొద్దు బారెడు ఎక్కేది. ఒక్కో మొక్క దగ్గరా వంగి, ఆకులు విడదీసి, మధ్యలో వేలు పెట్టి తడిమేది. ఏమీ ఉండేది కాదు. పక్క చేలవాళ్లు గట్టు మీద నిలబడి, “ఏం తల్లీ, చెవిపోగు పడిపోయిందా?” అని అడిగేవారు.

అత్త సుంకులమ్మకు మాటలకు కొదవ లేదు. “మా పూల మహారాణి లేసిందా? మహారాణీ, పూలరథం వచ్చిందేమో సూడు, ఎక్కి పోయి బర్రెకు గడ్డెయ్యి.” ఆ పేరు వీధి దాటి, బోరింగు దగ్గరికి చేరి, అక్కడి నుంచి ఊరంతా పాకింది.

పెద్ద ఈరన్న తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉండేది. ఆకు ఒకటి నలిపి చూసి, “ఇవి సంపెంగ గడ్డలు కావు. నక్కుల్లి గడ్డలు. గడ్డలు తెచ్చిన లారీవోడు అంటగట్టినాడు” అన్నాడు. నక్కుల్లి అంటే గుట్టల్లో దొరికే అడవి ఉల్లి, పశువు కూడా ముట్టదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాగజ్యోతికి అన్నం దిగలేదు. నిజమేనేమో! ఆకు అట్లాగే ఉంటుంది కదా!

దసరా వెళ్లిన మర్నాడు ట్రాక్టరుకు చెప్పేశాడు మామ. ఎల్లుండి పొద్దున దున్నకం. నాగజ్యోతి పెరట్లోకి పోయి సారుకు ఫోను చేసింది.

“సార్, ఆకు ఫొటోలు పంపినాను. చూసి చెప్పండి సార్, అవి నేలసంపెంగా, నక్కుల్లా?”

“ఆకు చూసి చెప్పేది...”

“మేక! తెలుసు సార్! ఈ ఒక్కసారికి మేక కండి సార్, మీకు పుణ్యముంటుంది!”

అవతల ఫోను ఎక్కడో పెట్టేసిన చప్పుడైంది. తర్వాత శివలీలమ్మ గొంతు వినబడింది. “ఏమ్మా, ఏం చెప్పినావు? ఆయప్ప గొడుగు ఎతుక్కుంటాండాడు.”

మర్నాడు మధ్యాహ్నానికల్లా రావలసిన సారు పొద్దు వాలాక వచ్చారు. బస్టాండు నుంచి ఊరిదాకా ఉన్న దారిలో ఆయన్ను పువ్వులు ఆపేశాయి. నెత్తిన టోపీ, చేతిలో గొడుగు, ప్యాంటు నిండా పల్లేరు కాయలు. గడప దగ్గరే నాగజ్యోతి కళ్లలోకి చూసి, “ట్రాక్టరు ఎప్పుడు?” అన్నారు.

“రేపు పొద్దున సార్.”

“మరి నడువు.”

పెద్ద ఈరన్న కూడా కదిలాడు. పట్నం సారుకు మర్యాద చేయాలి కదా. ముందు ఈరన్న, వెనక సారు, ఆ వెనక నాగజ్యోతి. ముగ్గురూ దిగువ మడి కాలువ గట్టు మీద నడుస్తున్నారు.

“సూడు సారూ” అన్నాడు ఈరన్న. “నాటి ఎన్నాళ్లాయ! ఒక్క పూకాడన్నా లేసిందా?”

అంటూనే నడక ఆపకుండా కిందికి వంగాడు. ఒక మొక్క నడుమ నుంచి అప్పుడే వేలెడంత లేచిన కాడను బొటనవేలి గోటితో టక్కున గిల్లి, భుజం మీది తువ్వాలు మడతలో వేసుకున్నాడు.

“రోజూ పొద్దన్నే మోటరేసి నీళ్లు కట్టేది నేనే. మడంతా తిరుగుతా. ఒక్కటంటే ఒక్కటి లేవలేదు” అన్నాడు. ఇంకోటి గిల్లాడు.

నాగజ్యోతి కాళ్లు అక్కడే నిలిచిపోయాయి.

ఉల్లిచేనులో పూకాడ లేవడమంటే రైతుకు కీడు. గడ్డలో చేరాల్సిన బలమంతా కాడ లాగేసుకుంటుంది, గడ్డ బోలుపోతుంది, నిలవకు పనికిరాదు. అందుకని కాడ కనబడితే కనబడినచోటే గిల్లేస్తారు. పెద్ద ఈరన్న బుద్ధి తెలిసినప్పటి నుంచి గిల్లుతున్నాడు. అది ఆయన మెదడుకు చెప్పి చేసే పని కాదు. దోమ వాలితే చెయ్యి చరిచినట్టు, చేను కనబడితే చెయ్యి గిల్లుతుంది. గిల్లిన కాడలు పచ్చిగడ్డి మోపులో కలిసి బర్రె గాడిలోకి పోతాయి. ఇన్నాళ్లూ పొద్దున్నే ఆయన శ్రద్ధగా, ప్రేమగా, ఒక్క రోజు మానకుండా పూలన్నిటినీ తుంచేసి, తర్వాత ఇంటికి వచ్చి పూలు రాలేదని బాధపడుతున్నాడు!

“మా...” అని నోరు తెరిచింది నాగజ్యోతి.

గొడుగు మొన ఆమె కాలి మీద పడింది. గట్టిగానే పడింది.

“ఈరన్నా!” అన్నారు సారు, ఉన్నట్టుండి పెద్ద గొంతుతో. “ఆ గట్టు మీద కిత్తనార ఎవరు నాటినారు?”

“మా నాయన.” ఈరన్న అటు తిరిగాడు.

“మహానుభావుడు! ఆ కిత్తనార సంగతి తెలుసునా నీకు?” అని ఆయన భుజం మీద చేయి వేసి అవతలి గట్టుకు నడిపించుకుపోయారు. ఏ పండితుడు దాన్ని ఎక్కడ పెట్టాడో, ఎవడు కాదన్నాడో, గింజల సంచి చూసి ఎవరు ఎవరితో పోట్లాడుకున్నారో, మొదలుపెట్టి పొద్దు గూకేదాకా ఆపలేదు. పెద్ద ఈరన్న రెండుసార్లు ఆవులించాడు, ఒకసారి దగ్గాడు. కానీ సారు ఆయన కుడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ కాసేపు దిగువ మడిలో ఒక్క కాడ కూడా తెగలేదు.

బర్రె కొట్టం దగ్గర నాగజ్యోతి సారును పట్టుకుంది. ఆమె ముఖం ఎర్రబడింది.

“మీరు చూసినారు కదా సార్!”

“చూసినాను.”

“మరి చెప్పరేం? రేపు దున్నేస్తున్నారు. ఆయనే తుంచి, ఆయనే నన్ను... ఇప్పుడే పోయి అందరి ముందరా చెప్తాను.”

“చెప్పు. చెప్తే ఏమవుతుంది?”

“తప్పు నాది కాదని తెలుస్తుంది.”

“అది నిమిషంలో తెలుస్తుంది. తర్వాత? రేపటికల్లా ఆయన ఊర్లో కాడల ఈరన్న. మనవళ్లు పుడితే కాడల ఈరన్న మనవళ్లు. మొక్కదేముందమ్మా, ఇంటిపేరు తప్పు పెడితే ఇంకో పండితుడొచ్చి మారుస్తాడు. ఊరు పెట్టిన పేరు మార్చే పండితుడు ఇంకా పుట్టలేదు.”

“మరి నా పేరు సార్?” అంది నాగజ్యోతి. “పూల మహారాణి అని పెట్టినారు నాకు. బోరింగు కాడికి పోలేకుండా ఉన్నాను. నా పేరు పేరు కాదా?”

సారు దెబ్బ తిన్నట్టు చూశారు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు. “అవును” అన్నారు. “అదీ పేరే. రెండూ నిలబడాల. ఉండు, ఆలోచించనీ.”

అప్పుడే ఆయన కళ్లు బర్రె మీద పడ్డాయి. దాని మూతి పక్క నుంచి ఒక కాడ వేలాడుతోంది. ఈరన్న కంటపడక కాస్త ముదిరాక తెగిందేమో, దానికి గింజంత మొగ్గలు జంటజంటలుగా ఉన్నాయి.

సారు గొడుగు పారేసి కాడ చివర పట్టుకున్నారు. బర్రె కూడా పట్టుకుంది. సారు లాగారు. బర్రె నిదానంగా నమిలింది. “ఇడ్సు తల్లీ, ఇడ్సు” అని బతిమాలారు. అది ఒక్క విసురు విసిరితే ఆయన టోపీ గాడిలో పడింది. టోపీ మీద ఆశ పుట్టి బర్రె నోరు తెరవబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ రోజు వృక్షశాస్త్రానికి శాశ్వత నష్టం జరిగేది.

చొంగ కారుతున్న కాడ నుంచి ఒక మొగ్గ తెంపి, చీల్చి, భూతద్దం కంటికి ఆనించారు. నాగజ్యోతి దగ్గరికి జరిగింది. నక్కుల్లి అయితే పైన. ఉల్లి అయినా పైనే.

“కిందుంది” అన్నారు.

కాలేజీ గోడలు అదిరేలా అరిచే ఆ మాట, ఆ రోజు గుసగుసగా వచ్చింది. కళ్లు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి. ఆనందంతో ఎగరబోయిన మనిషి తన నోటిని తానే అరచేత్తో మూసుకుని, కాడను చొక్కా లోపల దాచుకుని, బర్రె నమిలిన టోపీ పెట్టుకుని ఇంట్లోకి నడిచారు.

జొన్నరొట్టె తుంచుతూ అందరూ వినేలా చెప్పారు. “ఈరన్నా, అవి ఏ గడ్డలో పువ్వు చూడకుండా నేను చెప్పను. అది నా వ్రతం. కానీ ఒకటి. కాడలు లేస్తున్నాయి. లేచినవాటిని ఏదో కొరికేస్తోంది. తెల్లారుజామున వస్తుంది.”

పెద్ద ఈరన్న రొట్టె కింద పెట్టాడు. “నా చేనులోనా? ఏం జంతువు?”

“పంది” అన్నాడు బసవరాజ్.

“పంది ఐతే గడ్డతో సహా తోడుతాది. కుందేలు” అంది సుంకులమ్మ.

“పక్కోని మేక. నాకు తెల్సు వాని సంగతి” అన్నాడు ఈరన్న. “ఏం సారూ, మేకే కదా?”

“నేను చూడలేదు” అన్నారు సారు రొట్టెలోకి చూస్తూ. “చూడకుండా పేరు పెట్టను.”

వృక్షశాస్త్రంలో ఏనాడూ అబద్ధమాడని మనిషి జంతుశాస్త్రంలో ఆడారు.

“దానికి కాపలా కావాల. చిన్నవాళ్ల వల్ల కాదు, నిద్రపోతారు. చేను తెలిసిన మనిషి, చేతిలో కట్టె పట్టుకుని, మడిలోనే మంచం వేసుకుని కూర్చోవాల. దీపావళిదాకా. నాకోసం ఒక్క కాడను నిలబెట్టు ఈరన్నా. పువ్వు తిప్పి చూసుకుని పోతాను. ఆ తర్వాత దున్నుకో, మానుకో, నేను అడగను.”

“పువ్వు తిప్పి ఏం సూస్తావు సారూ?”

“గింజల సంచి. కిందుందా, పైనుందా అని.”

పెద్ద ఈరన్న విరగబడి నవ్వాడు. “పువ్వు కడుపు సూసేదానికి ఇంత దూరమొచ్చినావా సారప్పా! బర్రె తిన్న టోపీ పెట్టుకోని!” సుంకులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బసవరాజ్‌కు పొలమారింది. సారు కూడా వాళ్లతో కలిసి ఇష్టంగా నవ్వారు, తన టోపీ తీసి చూపించి మరీ నవ్వించారు.

నాగజ్యోతికి నవ్వు రాలేదు. ఊరంతా వెర్రి సారు అంటే ఆయనకు ఎందుకు కోపం రాదో, ఆ పేరును గొడుగులాగా ఎప్పుడూ ఎందుకు వెంట ఉంచుకుంటారో ఆమెకు కాస్త అర్థమైంది. ఆ గొడుగు ఇప్పుడు మామ నెత్తి మీద ఉంది.

“సరే పో” అన్నాడు ఈరన్న కళ్లు తుడుచుకుంటూ. “ఇంత ఆశగా అడిగినావు. ట్రాక్టరు వద్దని చెప్తా. దీపావళిదాకా సూస్తాం.”

మర్నాటి నుంచి మడిలో మంచం పడింది. చీకటితోనే పెద్ద ఈరన్న కట్టె తీసుకుని వెళ్లేవాడు. నాగజ్యోతికి ఆ రోజులు ఇంకా నరకం. కాపలాకు పెట్టింది ఎవరినో ఆమెకు తెలుసు కదా! ఈరోజు ఎన్ని తెగి ఉంటాయో, ఎన్ని మిగిలి ఉంటాయో అని పొయ్యి ముందు కూర్చుంటే పాలు పొంగిపోయేవి. సారుకు ఫోను చేస్తే, “చూద్దాం” అనేవారు. ఆ గొంతులో కూడా ధైర్యం లేదు.

ఒకరోజు ఉండబట్టలేక టీ చెంబు తీసుకుని తెల్లవారగానే చేనుకు పోయింది. గట్టు మీది కిత్తనార సందులోంచి చూసింది.

మామ మంచం మీద కూర్చుని దూరంగా, పక్క చేను వైపు, మేక వస్తుందేమోనని తీక్షణంగా చూస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం మంచం పట్టె మీద నుంచి కిందికి జారి, దానంతటది ఆకుల మధ్యకు పోయింది. వెతికింది. కాడ దొరికింది. బొటనవేలి గోరు ఆనింది.

నాగజ్యోతి కళ్లు మూసుకుంది.

టక్కుమన్న చప్పుడు రాలేదు. కళ్లు తెరిచింది. పెద్ద ఈరన్న తల తిప్పి తన చేతిని చూస్తున్నాడు, ఎవరిదో పరాయి చెయ్యి తన చేనులో దూరినట్టు. చాలాసేపు చూశాడు. ఒక్కో వేలూ తీసి కాడను వదిలిపెట్టాడు. తువ్వాలు విదిలించాడు, అందులోంచి నిన్నటివో మొన్నటివో ఎండిన కాడలు రెండు రాలాయి. ఆ రెండిటినీ ఏరి, మట్టి తోడి, పూడ్చిపెట్టాడు. తర్వాత దొంగలా అటూ ఇటూ చూశాడు.

నాగజ్యోతి తటాలున కిందికి వంగింది. కాలి మెట్టె సరిచేసుకుంటున్నట్టు చాలాసేపు వంగే ఉంది. మళ్లీ వెనక్కి, దారి మలుపుదాకా పోయి, అక్కడి నుంచి గట్టిగా గొంతు సవరించుకుంటూ, చెంబు మీద గ్లాసు మోగించుకుంటూ వచ్చింది.

“టీ మామా!”

“పెట్టు పాపా” అన్నాడు. కుడి చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. టీ ఎడమ చేత్తో తాగాడు.

దీపావళి ముందురోజు సారు వచ్చేసరికి దిగువ మడి తెల్లగా ఉంది. వరసల నిండా కాడలు నడుమెత్తు లేచి, కింది మొగ్గలు విచ్చుకుని, ఊరి మొదటి ఇంటిదాకా వాసన కొడుతున్నాయి. బోరింగు దగ్గరి ఆడవాళ్లు బిందెలు వదిలేసి వచ్చి గట్టు మీద నిలబడ్డారు. సుంకులమ్మ వాళ్లకు దారి అడ్డం నిలబడి, “దూరం, దూరం! తొక్కుతారేమో! మా కోడలు పెట్టిన తోట ఇది” అని అరుస్తోంది.

పెద్ద ఈరన్న ఒక పువ్వు తెచ్చి రెండు చేతులతో సారుకు ఇచ్చాడు. సారు తిప్పారు. చీల్చారు. కన్ను మూశారు. ఇన్నాళ్లూ చొక్కా లోపల దాచుకున్న కేక ఒక్కసారిగా బయటికి వచ్చింది.

“కిందుందీ!”

కరెంటు తీగ మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ఆడవాళ్లు ఏం కిందుందోనని తమ కాళ్ల కిందికి చూసుకున్నారు.

“పాపా” అన్నాడు ఈరన్న, పూల వైపే చూస్తూ. “గడ్డలు ఇంకా దొరుకుతాయేమో కనుక్కో. ఎగువ మడి గూడా నీకే ఇడుస్తా. ఏమేం ఎయ్యాలో నువ్వే చెప్పు, నేను నీళ్లు కడతా.”

నాగజ్యోతి తలూపింది. కొంగు దోపుకుని ఎగువ మడి వైపు చూసింది.

గుంపు కాస్త దూరం జరిగాక సారు పువ్వును జేబులో పెట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ అడిగారు. “ఈరన్నా, ఆ జంతువు దొరికిందా?”

పెద్ద ఈరన్న కుడి చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. “దొరికింది సారూ.”

“ఏం జంతువు?”

“ముసలిది” అన్నాడు మెల్లగా. “తోలేసినా. ఇంక రాదు.”

“అయ్యో, తోలేయద్దు” అన్నారు సారు, ఇంకా ఆకాశంలోనే చూస్తూ. “రేపటి నుంచి రోజూ తెల్లారుజామునే ఈ పూలన్నీ కోయాల. నలగకుండా, కాడ ఊగకుండా గోటితో గిల్లాల. అంత మంచి గోరు ఈ ఊర్లో ఇంకెవరికీ లేదు. దాన్ని పిలిపించు.”

ఈరన్న సారు ముఖంలోకి చూశాడు. కోడలి ముఖంలోకి చూశాడు. ఆమె కాలి మెట్టె మళ్లీ జారినట్టుంది, కిందికి వంగి ఉంది.

“చెప్తాలే సారూ దానికి” అన్నాడు పెద్ద ఈరన్న, తువ్వాలు భుజాన వేసుకుంటూ. “పిలిస్తే వస్తాది. మంచిదే పాపం.”